మైక్రోగ్లియా: మెదడులో పుట్టని మెదడు కణాలు



ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతిలో మాట్లాడమని పిలిచినప్పుడు, ఆయన జీవితకథ చెప్పబోనని నిర్వాహకులకు ముందే మనవి చేసుకున్నాను. 1895లో భీమవరంలో పుట్టడం, స్ప్రూ జబ్బు ఆ ఇంటిని పీడించడం, 1923లో బోస్టన్ చేరడం, ఆ తర్వాత ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలుకి హెట్రజాన్. ఇవన్నీ ఈ సభలో కూర్చున్నవారికి నాకంటే బాగా తెలుసు. నేను మాట్లాడబోయే కణాల మీద ఆయన పని చేయలేదు. అయినా ఆ కణాల కథలో రెండుచోట్ల ఆయన చేతి గుర్తు కనిపిస్తుంది. ఒకటి 1929 నాటిది, రెండోది ఆయన పోయాక చాలా ఏళ్ళకి బయటపడింది. ఆ చోట్లు వచ్చినప్పుడు ఆగి చెబుతాను.

మెదడు అనగానే న్యూరాన్ల గురించే మాట్లాడతాం. మనిషి మెదడులో అవి సుమారు 8,600 కోట్లు. నేను వైద్యం చదివే రోజుల్లో పాఠ్యపుస్తకం కూడా వాటి చుట్టూనే తిరిగేది. మైక్రోగ్లియాకి దక్కేది ఒక పేరా. చచ్చిన కణాలను ఎత్తిపోసే పాకీపని వాటిదని రాసి, పేజీ తిప్పేసేవారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. నేటి లెక్క ప్రకారం మనిషి మెదడు కణాల్లో అవి ప్రాంతాన్ని బట్టి అర శాతం నుంచి 16 శాతం దాకా ఉంటాయి. మెదడు లోపల స్థిర నివాసం ఉండే రోగనిరోధక కణాలు ప్రధానంగా ఇవే. శరీరంలో మిగతాచోట్ల రక్తంలోంచి తెల్లకణాలు వస్తూ పోతూ ఉంటాయి. మెదడు రక్తనాళాల గోడలు బిగుతుగా ఉంటాయి కాబట్టి ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఆ రాకపోకలు ఇక్కడ అంతగా సాగవు. లోపలున్నవాళ్ళే అన్నీ చూసుకోవాలి.

వీటిని మొదట స్పష్టంగా చూసినవాడు స్పెయిన్ దేశస్థుడు పియో దెల్ రియో ఓర్తేగా. అప్పట్లో మాడ్రిడ్‌లో రమోన్ ఇ కహాల్ అంటే మెదడు విజ్ఞానానికి పెద్ద దిక్కు. 1906లో గోల్గీతో కలిసి నోబెల్ పంచుకున్నాడు. న్యూరాన్లు ఒకటి, నక్షత్రాకారపు ఆస్ట్రోసైట్లు రెండు, ఆపైన మిగిలిందంతా 'మూడో అంశం' అన్నాడాయన. ఆ మూడో అంశానికి కొమ్మలూ రెమ్మలూ ఉండవని ఆయన నమ్మకం. ఆయన వాడిన రంగుల్లో నిజంగానే అవి గుండ్రటి చుక్కల్లాగే కనబడేవి. ఓర్తేగా మార్చింది రంగునే. మెదడు ముక్కని ఫార్మాలిన్‌లో అమ్మోనియం బ్రోమైడ్ కలిపి నానబెట్టి, పలచగా కోసి, అమ్మోనియా కలిపిన వెండి కార్బొనేట్ ద్రావణంలో ముంచాడు. పాళ్ళు, వేడి, సమయం కాస్త అటూఇటూ అయితే పలక మొత్తం నల్లబడిపోతుంది, లేదా ఏమీ కనబడదు. కుదిరిన పలక మీద మాత్రం లేత గోధుమరంగు నేపథ్యంలో చిన్న సాగిన కేంద్రకం, దాన్నుంచి రెండు మూడు కొమ్మలు, వాటికి ముళ్ళలాంటి సన్నటి రెమ్మలు నల్లగా తేలతాయి. ఒక్కొక్క కణం తన జాగాలో తానుంటుంది, పక్కదాన్ని తాకదు.

1919లో ఓర్తేగా వరసగా వ్యాసాలు ప్రచురించి వీటికి మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. మూడో అంశం ఒకటి కాదని, అందులో రెండు జాతులున్నాయని తేల్చాడు. ఆ రెండోదే ఒలిగోడెండ్రోగ్లియా. గాయమైనచోట మైక్రోగ్లియా కొమ్మలు ముడుచుకుని, ఉబ్బి, అమీబాలా కదిలి చెత్తను మింగుతాయని చెప్పాడు. మిగతా మెదడు కణాలు పిండంలో చర్మంతో పాటు బయటి పొర నుంచి పుడితే, ఇవి మధ్య పొర నుంచి వచ్చి మెదడులో చేరినవని కూడా అన్నాడు. ఈ చివరి మాట మీద తగాదా తొంభై ఏళ్ళు నడిచింది. గురుశిష్యుల తగాదా అంతకంటే త్వరగానే తేలిపోయింది. 1920లో కహాల్ తన ప్రయోగశాలలోంచి ఓర్తేగాను పంపించేశాడు. శాస్త్రం ఒకటే కారణం కాదు, మనుషుల మధ్య ఉండే మామూలు గొడవలూ ఉన్నాయి. 1924లో కెనడా మెదడు శస్త్రవైద్యుడిగా తర్వాత పేరుపొందిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఆ వెండిరంగు పద్ధతి నేర్చుకోవడానికే మాడ్రిడ్ వెళ్ళాడు. అంతర్యుద్ధం మొదలయ్యాక ఓర్తేగా దేశం వదిలి పారిస్, ఆక్స్‌ఫర్డ్ మీదుగా బ్యూనస్ ఎయిర్స్ చేరి, 1945లో అక్కడే పోయాడు.

మరి అవి ఎక్కణ్ణుంచి వచ్చాయి? దీనికి 2010లో వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ అబ్బురమే. ఫ్లోరాన్ జిన్హూ, మిరియం మెరాద్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇది. ఎలుక గర్భంలో ఏడో రోజు దాటేసరికి పిండానికి ఇంకా మెదడు లేదు, గుండె కొట్టుకోవడం కూడా మొదలు కాలేదు. పిండానికి బయట వేలాడే సొనసంచిలో మాత్రం మొట్టమొదటి రక్తకణాలు తయారవుతున్నాయి. సరిగ్గా ఆ రోజున తల్లి ఎలుకకి ఒక మందు ఎక్కించారు. ఆ మందు తగిలిన క్షణాన ఒక ప్రత్యేక జన్యువు పనిచేస్తున్న కణాలన్నిటికీ చెరగని గుర్తు పడుతుంది, వాటి సంతానానికి కూడా ఆ గుర్తు వస్తుంది. ఆ సమయానికి ఆ జన్యువు పనిచేసేది సొనసంచిలోనే. పిల్ల పుట్టి, పెరిగి, ముదిరాక మెదడు కోసి చూశారు. మైక్రోగ్లియాలో ఆ గుర్తు ఉంది. అదే ఎలుక రక్తంలో తిరిగే తెల్లకణాల్లో దాదాపు లేదు. అంటే మెదడు ఇంకా గొట్టంలా ముడుచుకుంటున్న రోజుల్లోనే సొనసంచి నుంచి బయల్దేరి, వచ్చి చేరి, తలుపులు మూసుకున్నాక అక్కడే తమలో తాము పిల్లలు పెట్టుకుంటూ బతుకుతున్నాయి. మనిషి పిండంలోనూ నాలుగైదు వారాలకే ఈ వలస మొదలవుతుంది. ఓర్తేగా చెప్పిన దారి పూర్తిగా సరైనది కాకపోయినా, ఇవి బయటివాళ్ళే అన్న మాట నిలబడింది.

మనిషి మెదడులో ఈ కణాల వయసు ఎంత? దీన్ని లెక్కకట్టడానికి పనికొచ్చినవి, చిత్రంగా, అణుబాంబు పరీక్షలు. 1950లు, 60లలో ఆకాశంలో పేల్చిన బాంబుల వల్ల గాలిలో కార్బన్-14 రెట్టింపయింది. పరీక్షలు ఆపాక ఏటేటా తగ్గుతూ వచ్చింది. మొక్కల ద్వారా, తిండి ద్వారా అది మనలో చేరుతుంది. కణం పుట్టిన ఏడాది గాలిలో ఎంతుందో, ఆ కణం డీఎన్ఏలోనూ అంతే మిగులుతుంది. స్వీడన్‌లో యోనాస్ ఫ్రిసెన్ బృందం 2017లో ఈ పద్ధతితోనే మనుషుల మైక్రోగ్లియాను కొలిచింది. ఏడాదికి 28 శాతం కొత్తవి వస్తాయి, సగటు వయసు 4.2 ఏళ్ళు. కొన్ని రెండు దశాబ్దాలు దాటినవీ ఉన్నాయి. న్యూరాన్లలో అత్యధికం మనతో పాటు పుట్టి మనతోనే పోతాయి. వాటి పక్కన కాపలా ఉన్నవాళ్ళు మాత్రం నెమ్మదిగా మారుతూ ఉంటారు.

కాపలా అన్నాను కదా, 2005 దాకా ఆ మాట అంతగా వాడేవారు కాదు. ఆరోగ్యమైన మెదడులో ఇవి 'విశ్రాంతి'లో ఉంటాయని అనుకునేవారు. పలక మీది కణం చచ్చిన కణం, అది కదలదు మరి. ఆ ఏడాది జర్మనీలో ఒక బృందం, న్యూయార్క్‌లో ఒక బృందం, దాదాపు ఒకేసారి బతికున్న ఎలుక మెదడులోకి తొంగిచూశాయి. మైక్రోగ్లియా ఆకుపచ్చగా వెలిగేలా జన్యువు మార్చిన ఎలుకలవి. మత్తిచ్చి, పుర్రె ఎముకని సన్నటి డ్రిల్‌తో కాగితమంత పలచగా అరగదీశారు, చిల్లు పడకుండా. ఆ పలచటి చోటుమీదుగా రెండు ఫోటాన్ల లేజర్ సూక్ష్మదర్శినిని లోపలికి గురిపెట్టి నిమిషానికొకసారి బొమ్మ తీశారు. కణం ఒళ్ళు కదలడం లేదు. దాని కొమ్మల చివర్లు మాత్రం క్షణం ఆగడం లేదు. సాగుతున్నాయి, తడుముతున్నాయి, వెనక్కి వస్తున్నాయి, ఇంకో దిక్కుకి సాగుతున్నాయి. అరుగు మీంచి లేవకుండానే వీధి సంగతులన్నీ కనిపెట్టుకుని ఉండే పెద్దావిడను తలుచుకోండి. మెదడు బాహ్యపొర మొత్తాన్ని ఇవి కలిసి కొన్ని గంటలకోసారి తడిమేస్తున్నాయని లెక్క తేలింది. విశ్రాంతి అన్న మాట ఆ రోజుతో పోయింది.

తర్వాత లేజర్ బలం పెంచి ఒక చిన్న బిందువు దగ్గర కణజాలాన్ని కాల్చారు. నిమిషాల్లో చుట్టుపక్కల మైక్రోగ్లియా కొమ్మలన్నీ ఆ బిందువు వైపు తిరిగి, అరగంటలోపే దాని చుట్టూ గోడ కట్టాయి. కబురు ఎవరు పంపారు?

ఇక్కడే సుబ్బారావుగారు కనబడతారు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి కండరంలోంచి ఏటీపీని వేరుచేసి చూపించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా కనుక్కున్నాడు. పదో తరగతి పిల్లలకి కూడా తెలుసు, ఏటీపీ అంటే కణానికి శక్తి సరుకు. ఆ సరుకు కణం లోపలే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణం బయట ఉండేది లోపలి దానిలో వెయ్యో వంతు కూడా కాదు. కణం పగిలితే బయటికి చిందుతుంది. న్యూయార్క్ బృందం తేల్చింది ఇదే. కాలిన చోటు నుంచి చిందిన ఏటీపీయే కబురు. ఏ గాయమూ చేయకుండా ఒక సన్నటి గాజుగొట్టంతో ఏటీపీ వదిలినా కొమ్మలు అటే తిరిగాయి. 2006లో ఇంకో మెట్టు ఎక్కారు. మైక్రోగ్లియా పొర మీద పీ2వై12 అనే గ్రాహకం లేకుండా చేసిన ఎలుకల్లో కొమ్మలు కదలడానికి తాత్సారం చేశాయి.

ఆ గ్రాహకం పేరు విన్నప్పుడు ఈ హాలులో ఉన్న హృద్రోగ వైద్యులు చెవులు నిక్కించి ఉంటారు. స్టెంటు వేయించుకున్నవారు రోజూ మింగే క్లోపిడోగ్రెల్ కట్టివేసేది రక్తంలోని ప్లేట్‌లెట్ల మీదున్న ఇదే గ్రాహకాన్ని. అక్కడ ఇదే తాళం గడ్డకట్టమని చెబుతుంది, ఇక్కడ గాయం వైపు పొమ్మని చెబుతుంది. కంగారుపడి రేపు పొద్దున మాత్ర మానేయకండి. దాని క్రియాశీల రూపం రక్తంలోనే త్వరగా తరిగిపోతుంది, ఆరోగ్యమైన మెదడులోకి అంతగా చేరదు.

గాయం లేనప్పుడు ఈ కొమ్మలు తడిమేది దేన్ని? ఎక్కువగా సినాప్సులను, అంటే న్యూరాన్ల మధ్య ఉండే అతుకులను. బాల్యంలో మెదడు అవసరానికి మించి అతుకులు పెట్టుకుంటుంది, తర్వాత వాడనివాటిని తీసేస్తుంది. 2007లో బెత్ స్టీవెన్స్, బెన్ బారెస్ ఒక విషయం చూపించారు. రక్తంలో క్రిములకు గుర్తులు పెట్టే కాంప్లిమెంట్ ప్రోటీన్లు, సీ1క్యూ, సీ3, తీసేయాల్సిన సినాప్సుల దగ్గరా ఉన్నాయి. ఆ గుర్తు పడ్డవాటిని మైక్రోగ్లియా మింగుతుంది. 2016లో స్కిజోఫ్రెనియా మీద జరిగిన పెద్ద జన్యు అధ్యయనం సీ4 అనే ఇంకో కాంప్లిమెంట్ జన్యువు దగ్గర తేలింది. దాన్ని ఎక్కువగా తయారుచేసే రకాలున్నవారికి ప్రమాదం ఎక్కువ. కౌమారంలో కోత మితిమీరుతుందేమోనన్న ఊహకి అది ఒక ఆధారం. ఊహ నిజమని నేననను. ఇంట్లో పిల్లవాడికి ఈ జబ్బు వస్తే దిష్టి తగిలిందనో, పెంపకం లోపమనో తల్లిని నిలదీసే మన అలవాటుకి మాత్రం అది సమాధానం చెబుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక మందుల సంగతికి వద్దాం. నేను ఈ రోజు మాట్లాడాలనుకున్న అసలు విషయం ఇదే.

1988లో వాంకూవర్‌లో పాట్రిక్ మెక్‌గీర్ దంపతులు పార్కిన్సన్‌తో పోయినవారి మెదళ్ళలో, న్యూరాన్లు చచ్చిన చోట్ల, రేగిపోయిన మైక్రోగ్లియా గుంపులను చూపించారు. అల్‌జైమర్ మెదళ్ళలో అమిలాయిడ్ ప్రోటీన్ గడ్డల చుట్టూ అవే. మోటార్ న్యూరాన్ జబ్బులో, స్ట్రోక్‌లో, మెదడువాపులో అవే. నేరం జరిగిన ప్రతిచోటా ఒకే మనిషి కనబడితే పోలీసులు ఏం చేస్తారో శాస్త్రవేత్తలూ అదే చేశారు. మైక్రోగ్లియాను అణిచే మందు కావాలన్నారు.

మన మెదడువాపు వ్యాధినే తీసుకోండి. వరిపొలాలు, పందులు, క్యూలెక్స్ దోమ ఉన్న ఊళ్ళలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఏం చేస్తుందో మన జిల్లాల్లో పిల్లల వార్డులు చూసినవారికి చెప్పనక్కర్లేదు. మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం 2007లో తేల్చిన విషయమేమిటంటే, వైరస్ చంపేవి కొన్ని న్యూరాన్లయితే, రెచ్చిపోయిన మైక్రోగ్లియా వదిలే రసాయనాలు వైరస్ సోకని న్యూరాన్లనీ చంపుతున్నాయి. ఎలుకలకి మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే మైక్రోగ్లియా తగ్గి, ఎక్కువ ఎలుకలు బతికాయి.

మినోసైక్లిన్ దగ్గర సుబ్బారావుగారి రెండో గుర్తు ఉంది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. లెడర్లీ కంపెనీ పరిశోధనకు ఆయన సారథిగా ఉన్నప్పుడు బెంజమిన్ డగ్గర్ కనుక్కున్నది. అది లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావుగారు పోయారు. ఆ కుటుంబంలోనే, అదే లెడర్లీలో, 1960లలో మినోసైక్లిన్ తయారైంది. మొటిమలకీ, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకీ వాడేవారు. 1990ల చివర ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు అది క్రిములతో సంబంధం లేకుండానే మైక్రోగ్లియాను చల్లబరుస్తుందని, స్ట్రోక్ పెట్టిన జంతువుల మెదడును కాపాడుతుందని చూపించారు. చవక, మాత్రగా మింగొచ్చు, మెదడులోకి చేరుతుంది, ఎన్నో రకాల ఎలుక జబ్బుల్లో పనిచేస్తుంది. ఇంతకన్నా ఏం కావాలి?

మనుషుల్లో పరీక్షించారు. మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్న 412 మందితో అమెరికాలో ప్రయోగం చేశారు. 2007లో ఫలితం వచ్చింది. మందు తీసుకున్నవారు తీసుకోనివారికంటే 25 శాతం వేగంగా క్షీణించారు. పనిచేయకపోవడం వేరు, హాని చేయడం వేరు. బ్రిటన్‌లో తొలిదశ అల్‌జైమర్ ఉన్న 544 మందితో రెండేళ్ళు ప్రయోగం చేశారు. ఏ తేడా లేదు. లక్నోలో మెదడువాపు రోగులకి ఇచ్చారు, మొత్తం మీద చెప్పుకోదగ్గ లాభం తేలలేదు. అంతకుముందే నాప్రొక్సెన్, సెలికాక్సిబ్ వంటి నొప్పి మాత్రలు అల్‌జైమర్‌ను ఆపుతాయేమోనని 2,500 మంది పెద్దవాళ్ళకి ఇచ్చి, గుండె భయంతో మధ్యలో ఆపేశారు. వాటివల్ల జబ్బు తగ్గలేదు.

ఎందుకిలా? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనివారు ఉంటారు. మోటార్ న్యూరాన్ జబ్బు ఎలుకలకు మందు ఇచ్చింది ఎక్కువగా లక్షణాలు రాకముందు. ఓపీకి వచ్చే మనిషికి చెయ్యి అప్పటికే పడిపోయి ఉంటుంది, కొన్నాళ్ళుగా ఫిజియోథెరపీ చేయించుకుని, నరాల బలహీనతకి బీకాంప్లెక్స్ వాడి ఉంటాడు. ఈ రెండు సమయాల్లో మైక్రోగ్లియా చేసే పని ఒకటి కాదు. ఆ జబ్బు జన్యువుని మైక్రోగ్లియాలోంచి మాత్రమే తగ్గించిన ఎలుకల్లో జబ్బు మొదలవడం మారలేదు, తర్వాతి దశ మాత్రం నెమ్మదించింది. 2006లో డాన్ క్లీవ్‌లాండ్ ప్రయోగశాల చూపించింది ఇది. ఒకే కణం ఒక వారం చెత్త ఊడుస్తుంది, గాయం చుట్టూ గోడ కడుతుంది, ఇంకో వారం విషం కక్కుతుంది, పక్కవీధిలో అదే సమయానికి సినాప్సులు కోస్తుంది. మినోసైక్లిన్ వీటిలో ఏ పనిని ఆపాలో ఎంచుకోలేదు.

జన్యువులు కూడా ఇదే చెప్పాయి, అదీ మనం ఊహించని దిక్కు నుంచి. 2013లో రెండు బృందాలు ట్రెమ్2 అనే జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవారికి అల్‌జైమర్ ప్రమాదం దాదాపు మూడురెట్లని తేల్చాయి. మెదడులో ట్రెమ్2 ఉండేది మైక్రోగ్లియా మీదే. ఆ మార్పు వాటిని రెచ్చగొట్టడం లేదు, మందగింపజేస్తోంది. గడ్డ చుట్టూ అవి చేరి కోట కట్టలేకపోవడమే ప్రమాదం. ట్రెమ్2 పూర్తిగా లేనివారికి నాసు-హాకోలా అనే అరుదైన జబ్బు వస్తుంది. ముందు ఎముకల్లో గుల్లలు, ముప్పై నలభైల్లో మతిమరుపు. అంటే దశాబ్దం పైగా మనం కాలు పట్టి లాగుతున్న మనిషి, కనీసం కొంతకాలం, మనకోసమే పరిగెడుతున్నాడు.

సరే, అణచవద్దు, తట్టి లేపుదాం అన్నారు. ట్రెమ్2ను ప్రేరేపించే ప్రతిరక్షకం ఒకటి తయారైంది. 2024 నవంబరులో ఆ ప్రయోగమూ విఫలమైందని ప్రకటించారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఎప్పుడన్న ప్రశ్న అడగకుండా బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కాం. కోవిడ్ తర్వాత ఇమ్యూనిటీ పెంచే కషాయమంటూ ప్రతి వీధిలోనూ అమ్మారు చూడండి. మెదడు ఇమ్యూనిటీ పెంచమని ఎవరైనా నా దగ్గరికి వస్తే, ఏ దశలో, ఎంత, ఎక్కడ అని అడగాల్సి వస్తుంది. వారి దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు.

మరి దారి లేదా? ఒకటి కనబడుతోంది, ఇరుకైనదే. 2014లో కాలిఫోర్నియాలో ఎలుకలకి సీఎస్ఎఫ్1ఆర్ అనే గ్రాహకాన్ని కట్టివేసే మందు పెట్టి, కొన్ని వారాల్లో మైక్రోగ్లియా దాదాపు అన్నిటినీ తుడిచేశారు. ఎలుకలు బాగానే తిరిగాయి. మందు ఆపిన వారానికే మిగిలిన పిడికెడు నుంచి మెదడంతా మళ్ళీ నిండింది. అదే గ్రాహకంలో జన్యులోపం ఉన్న మనుషులకి నలభైల్లో మెదడు తెల్లపదార్థం కరిగిపోతుంది. నడక, మాట, బుద్ధి పోతాయి. 2025లో షాంఘైలో పెంగ్ బో బృందం అలాంటి 8 మందికి ఎముక మజ్జ మార్పిడి చేసి, రెండేళ్ళపాటు జబ్బు ముదరకుండా ఆగిందని ప్రకటించింది. చెడిన కణాన్ని మందుతో లొంగదీసే ప్రయత్నం మానేసి, దాన్నే మార్చేశారు.

ఇందులో ఒక మెలిక ఉంది. మజ్జ నుంచి మెదడులోకి చేరిన కణం కొమ్మలు వేస్తుంది, తడుముతుంది, గాయం వైపు తిరుగుతుంది. దాని జన్యువుల పనితీరు చూస్తే మాత్రం సొనసంచి నుంచి వచ్చిన దానిలా ఉండదు. ఏళ్ళు గడిచినా ఆ తేడా పూర్తిగా పోదు. ఇరవై ఏళ్ళ తర్వాత అది సినాప్సుల మధ్య ఎలా మసలుకుంటుందో చూడటానికి ఆ 8 మందికీ ఇంకా సమయం గడవలేదు. పైగా మజ్జ మార్పిడి అంటే ముందు కీమోథెరపీతో సొంత మజ్జను చంపాలి. నలభై ఏళ్ళ మనిషికి, వేరే దారి లేనప్పుడు అది సమంజసం. మతిమరుపుతో వచ్చిన డెబ్బై అయిదేళ్ళ ఆవిడకి నేను ఆ మాట ఎత్తను. మెదడులోని కణాలను మాత్రమే, కీమో లేకుండా, మూలకణాల నుంచి ప్రయోగశాలలో పెంచిన మైక్రోగ్లియాతో మార్చే పని ఎలుకల్లో సాగుతోంది. ఈ హాలులో ముందు వరసల్లో కూర్చున్న విద్యార్థుల్లో ఎవరికైనా ఆ పని మీద మనసు పోతే, సభ అయ్యాక నాతో మాట్లాడండి. నా దగ్గర చదవాల్సిన వ్యాసాల కట్ట ఉంది.